తోడుపిల్ల

మధు తల మీదుగా కుడిచెయ్యి వేసి ఎడమచెవి కోసం తడుముకుంటున్నాడు. వేళ్ళు జుట్టు దాటి వచ్చాయి గానీ చెవి అంచుకు గోరంత దూరంలో ఆగిపోయాయి.

"అందింది," అన్నాడు తల పక్కకు వంచేసి.

"తల వంచితే లెక్కకు రాదురా. మా సారు నిటారుగ నిలబెట్టి చూస్తడు," అంది శ్రీలత, తమ్ముడి వీపు మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించి. "చెవి అందినోళ్ళకే బడి. పో, ఇంకొన్ని దినాలు ఆడుకో."

వాడు మూతి ముడిచి మళ్ళీ ప్రయత్నించాడు. నెలల పిల్లాడప్పుడు కాళ్ళు చాపుకుని, వాటి మీద వాణ్ణి బోర్లా వేసుకుని నీళ్ళు పోసేది. ఇప్పుడు వాడు సంపు గట్టు మీద నిలబడితే ఆమె భుజం దాకా వస్తున్నాడు.

వాడి ఒళ్ళు తుడిచి పంపించి, శ్రీలత తన లంగా బకెట్‌లో ముంచింది. వానాకాలం మొదలైనప్పటి నుంచి తన బట్టలు తనే ఉతుక్కుంటోంది. ఎర్రమన్ను అంటిందని చెబుతుంది. కొండాపూర్‌లో ఆ మాటను కాదనేవాళ్ళు లేరు. ఎటు చూసినా తవ్విన గోతులు, ఎర్రమట్టి లారీలు, పగలగొట్టిన బండలు. ఆ బండలకు అవతల గుండ్రంగా లేస్తున్న పెద్ద భవనానికి అద్దాలు కూడా బిగించేశారు. దాన్ని తెరవడానికి పెద్దవాళ్ళు వస్తారని రోడ్డుకు తారు పోస్తున్నారు. ఆ రోడ్డు మీదుగానే ఆమె బడికి పోవాలి.

పక్క బిల్డింగు వాచ్‌మన్ కూతురు పెద్దమనిషైన రోజున ఈ బిల్డింగుకు కాపలా ఉండే నాయిన నర్సయ్య బీడీ ఆర్పుతూ ఒక మాట అన్నాడు. "మన పోరి గూడ అయితే ఇగ బడి బంద్. గా లారీలోళ్ళ మధ్యల పెద్దపిల్లను ఎట్ల తోలుతం?" అప్పటికే శ్రీలత అయ్యి మూడు వారాలు. ఆ మాట విన్నాక నోరు కుట్టేసుకుంది.

మార్చి దాకా దాచగలిగితే చాలు. ఏడో తరగతి పరీక్ష పాసైతే హాస్టల్ బడిలో సీటు ఇప్పిస్తానని సారు చెప్పాడు. హాస్టల్లో ఉంటే లారీల మధ్య నడిచే పనే ఉండదు. నాయినకు అడ్డం చెప్పడానికి ఏమీ మిగలదు.

లంగా పిండి ఇటుకల దొంతి వెనక ఆరేస్తుండగా పైనుంచి కేక వినిపించింది. మొదటి అంతస్తు బాల్కనీలో ఓబులమ్మ నిలబడి ఉంది. ఈ అపార్టుమెంటు కట్టిస్తున్న కిరణ్ సారు తల్లి. ప్రొద్దుటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చి రెండు నెలలయింది.

"ఏమ్మే కొమురమ్మా! పైకి రా. నీ కూతుర్ని గూడా పిల్చకరా."

మెట్ల మీద సిమెంటు దుమ్ము ఊడుస్తున్న కొమురమ్మ చీపురు పట్టుకునే పైకి వెళ్ళింది. శ్రీలత వెనక నడిచింది.

హాల్లో కిరణ్ సారు భార్య హరిత ఫోన్‌లో ఎవరికో నవ్వుతూ శుభవార్త చెబుతోంది. ఓబులమ్మ కొంగు నడుముకు దోపుకుని గుమ్మంలోనే ఆపింది.

"మా తేజు ఈడేరింది తెల్లారుజామున. మా వూర్లో అయితే ఇంటినిండా ఆడపిల్లోల్లే. ఈ బండల మధ్యన ఎవురుండారు? సానం రోజు దంకా తోడు కూర్సునేదానికి ఒక పిల్ల గావల్ల. పక్కనే పండుకోవల్ల, అది తినేదే తినల్ల. ఈడేరని పిల్లే అయ్యుండల్ల. ఈడేరిన ఆడది తాకిందంటే మా పిల్లకు కడుపునొప్పి పట్టుకొని యాలకాలం ఇడ్సదు."

"అత్తమ్మా, ఈ రోజుల్లో కూడా ఇవన్నీ..." ఫోన్ మూతికి చెయ్యి అడ్డం పెట్టి హరిత అంది.

"నువ్వు సదువుకున్నదానివి, నువ్వు ఫోన్ మాట్లాడుకో తల్లీ." ఓబులమ్మ మళ్ళీ ఇటు తిరిగింది. "మీరేమిట్లమ్మే?"

"ముదిరాజులం పెద్దమ్మా."

ఓబులమ్మ శ్రీలతను పైనుంచి కిందిదాకా చూసింది. "పర్వాల్యా. పిల్ల ఇంకా కాలేదు గదా?"

కొమురమ్మ చేతిలోని చీపురు నుంచి ఒక పుల్ల జారి కిందపడింది. వంగి దాన్ని తీసి, మళ్ళీ కట్టలో గుచ్చి, అప్పుడు తలెత్తింది.

"యాడ పెద్దమ్మా! పసిపోరి. మొన్నమొన్ననే దీని పాలపండ్లు ఊడినయ్."

పాలపళ్ళు ఊడి ఎన్నేళ్ళయిందో! అమ్మకు పని ధ్యాసలో పిల్లల వయసు కూడా గుర్తుండదు అనుకుంది శ్రీలత. "నాకు బడి ఉంది," అంది, తనకే వినపడనంత మెల్లగా.

"సానం అయినాంక పోదువులే. నీకు గూడా తేజుతో పాటు కొత్త లంగా కుట్టిస్తాం," అంది ఓబులమ్మ.

మెట్లు దిగుతూ శ్రీలత తల్లి కొంగు పట్టుకుని లాగింది. "ఎందుకు ఒప్పుకున్నవమ్మా?"

"ఒప్పుకోకుంటే ఎందుకు ఒప్పుకోలేదని అడుగుతరు," అంది కొమురమ్మ. మిగిలిన మెట్లు ఊడవడానికి కూర్చుంది.

వెనక గదిలో ఒక మూల ఈతచాప, దాని మీద కూర్చున్న హరిత కూతురు తేజస్విని. ఆమె కంచం, గ్లాసు, దుప్పటి అన్నీ వేరే. జానెడు ఎడంగా ఇంకో చాప. దాని మీద శ్రీలత. కిటికీకి దుప్పటి కట్టారు, మగవాళ్ళు కనపడకుండా. గుమ్మం బయట కుర్చీ వేసుకుని ఓబులమ్మ కాపలా.

ఇద్దరికీ దాదాపు ఒకే వయసు. తేజస్విని పొద్దున్నే బస్సెక్కి ఇంగ్లీషు బడికి పోతుంటే శ్రీలత గేటు తీసేది. ఇన్నాళ్ళూ వాళ్ళ మధ్య నడిచింది ఆ గేటు చప్పుడొక్కటే. ఇప్పుడు మొదటి పూట ఇద్దరూ గోడలు చూస్తూ కూర్చున్నారు. రెండో పూట తేజస్విని ఉండబట్టలేకపోయింది.

"నీకు తెలుసా, నేను క్యాన్సర్ అనుకున్నా. నిజంగా! ఏడుస్తుంటే మమ్మీ నవ్వింది."

"అవునా అక్కా?"

"అక్కా ఏంటి, తేజూ అను. నడుము ఎంత నొప్పో తెలుసా? నీకెలా తెలుస్తుందిలే. నీకు కూడా వస్తుంది ఒకరోజు. భయపడకు. నన్నడుగు, నేను చెప్తా."

శ్రీలత తల ఊపింది. తనకు మొదటిసారి అయిన రోజు సెంట్రింగు కర్రల మీద నుంచి దూకినందుకు లోపల ఏదో తెగిందనుకుని, చచ్చిపోయే ముందు లెక్కల పుస్తకం సారుకు తిరిగిచ్చేయాలనుకుంది. బళ్ళో పెద్దపిల్లలు గుసగుసలాడుకోవడం వింటే గానీ సంగతి తెలియలేదు. ఇప్పుడు తేజస్విని చేతులు తిప్పుతూ, సగం తప్పుగా సగం ఒప్పుగా అంతా వివరిస్తుంటే, కొత్తగా వింటున్నట్టు కళ్ళు పెద్దవి చేసింది. కొన్ని నిజంగానే కొత్తవి. దీనికి దుకాణాల్లో పొట్లాలు దొరుకుతాయట. వేడినీళ్ళు పోసే రబ్బరు సంచి ఉంటుందట, నడుము కింద పెట్టుకుంటే హాయిగా ఉంటుందట. తన దగ్గర ఉన్నది అమ్మ పాతచీర చింపిన గుడ్డ పేలికలు. పైవాళ్ళ ఇల్లు తుడవడానికని అమ్మ చింపి, బియ్యం డబ్బా వెనక పెడుతుంటే అందులోంచి ఒకటీ రెండూ దొంగతనంగా తీసుకునేది.

ఈ ఇంట్లో నేల తుడిచే పొడుగు కర్ర, దాని కొసన నూలు కుచ్చు తలుపు వెనకే ఉన్నాయి. అమ్మ రోజూ దాంతోనే తుడుస్తోంది. శ్రీలత చూసింది గానీ దాని గురించి ఏమీ అనుకోలేదు.

మధ్యాహ్నం కొమురమ్మ కింద రోట్లో నువ్వులు, బెల్లం దంచి తెచ్చింది. నెయ్యి వేసి పిసికిన రెండు ముద్దలు, రెండు చిప్పల పచ్చికొబ్బరి. గుమ్మం ఇవతలే నిలబడి పళ్ళెం నేల మీద జరిపింది.

"మంచిగ తిను బిడ్డా. నడుముకు బలం."

ఆ మాట ఏ చాప వైపు చూసి అందో తెలియలేదు.

"ఛీ, జిడ్డు. నాకొద్దు," అంది తేజస్విని.

"తినకుంటే తంతా," అంది కుర్చీలోంచి ఓబులమ్మ. "నా కాలంలో పూటకు రెండు ముద్దలు మింగినా. అందుకే ఆరుగురిని కన్నాక గూడా నడుము వంగల్యా."

"అందుకే తాత పారిపోయి పొలంలో పండుకునేవాడంట," అంది తేజస్విని గొంతు తగ్గించి.

శ్రీలతకు నవ్వు ఆగలేదు. నోట్లో నువ్వులు పొలమారాయి. ముద్దను కొంచెం కొంచెం కొరికి, బెల్లం కరిగేదాకా నాలుక మీద ఉంచుకుంది. వానల్లో ఇటుకల చాటున ఒక్కతే వణికిన రోజులకు ఎవరో ఇప్పుడు లెక్క సరిచేస్తున్నట్టు అనిపించింది. పెద్దమనిషైన పిల్లకు పెట్టేది పెడుతున్నారు. కూర్చోబెట్టి పెడుతున్నారు. ఎవరికీ తెలియకపోతేనేం! చిప్పలో కొబ్బరి కూడా మిగల్చకుండా తింది.

అలా ఉండగా దర్జీ తెచ్చిన కొత్త లంగా కట్టుకుంది. ఆకుపచ్చది, ఎర్ర అంచు. తేజస్వినిది పట్టు, తనది నూలు. అయినా గిర్రున తిరిగితే రెండూ ఒకేలా విచ్చుకున్నాయి.

స్నానానికి ముందురోజు ఉదయం నడుములో సన్నగా నొప్పి మొదలైంది. శ్రీలతకు ఆ నొప్పి తెలుసు. ఇంకా వారం ఉందనుకుంది. బయట ఓబులమ్మ కుర్చీలో కునుకుతోంది. కిందికి పోతానంటే ఎందుకంటారు. కదలకుండా మోకాళ్ళు కడుపుకు నొక్కుకుని కూర్చుంది.

"నీ లంగా..." అంది తేజస్విని.

శ్రీలత తిరిగి చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం లేదు.

తేజస్విని నోరు తెరిచి, గుమ్మం వైపు చూసి, మళ్ళీ మూసింది. తన పొట్లంలోంచి ఒకటి తీసి, చాప కింద నుంచి జరిపింది. శ్రీలత బాత్‌రూమ్‌లోకి పోయి, అంచుదాకా నీళ్ళు తట్టి మరక కడిగి వచ్చింది.

"ఇదే ఫస్ట్ టైమా?"

అవునంటే సరిపోయేదేమో. కానీ ఇన్ని రోజులు పక్కపక్కన పడుకున్న పిల్ల, తన పొట్లంలోంచి తీసి ఇచ్చిన పిల్ల. అబద్ధం నోటిదాకా రాలేదు. "కాదు. వానలు మొదలైనప్పటి నుంచి," అంది. పరీక్ష సంగతీ, హాస్టల్ సంగతీ, నాయిన అన్న మాటా చెప్పింది. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. చెబుతుంటే లోపల ఏదో బరువు దిగింది.

తేజస్విని కళ్ళు మెరిశాయి. "మరి నేను చెప్తుంటే ఏమీ తెలియనట్టు విన్నావు కదే, దొంగ! ఎవరికీ చెప్పను. ప్రామిస్." చిటికెన వేలు చాపింది. శ్రీలత తన చిటికెన వేలు దానికి మెలేసింది.

సాయంత్రం తేజస్వినికి కడుపునొప్పి వచ్చింది. అన్ని రోజులు నెయ్యి ముద్దలు తింటే ఎవరికైనా వస్తుంది. కానీ ఆ పిల్ల మొహం పాలిపోయింది. శ్రీలత దగ్గరికి జరగబోతే చాప అవతలి అంచుకు తప్పుకుంది.

"నన్ను ముట్టుకోకు. ప్లీజ్."

శ్రీలత బాత్‌రూమ్‌లో మొహం కడుక్కుని వచ్చేసరికి ఓబులమ్మ గుమ్మంలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తేజస్విని గోడవైపు తిరిగి ఏడుస్తోంది.

"చెప్పాలనుకోలేదు. నొప్పి ఎక్కువైంది, భయమేసింది," అంది గోడతోనే.

ఓబులమ్మ గదిలోకి రాలేదు. మెట్ల మీదికి పోయి అక్కడి నుంచి అరిచింది. కింద షామియానా గుంజలు పాతుతున్నారు. నర్సయ్య ఒక గుంజ పట్టుకుని ఉన్నాడు.

"మా పిల్ల బతుకులో మన్ను పోస్తిరి గదే! ఎప్పుడో ఈడేరిన దాన్ని తెచ్చి పక్కలో కూర్సోబెడితివే కొమురమ్మా! పాలపండ్లు ఊడినాయంటివే! యాడుండావ్?"

గుంజలు పాతేవాళ్ళు పని ఆపి పైకి చూశారు. కొమురమ్మ మధును చంక దింపి పరుగున మెట్లెక్కింది. సగం మెట్ల మీద ఆగి మొదట కిందనున్న మొగుడి మొహం చూసింది. తరువాతే పైకి చూసింది.

"నాకెర్కలేదు పెద్దమ్మా. బిడ్డల మీద ఒట్టు. నాకెర్కనే లేదు."

మిగిలిన మెట్లెక్కి వచ్చి శ్రీలత చెంప మీద కొట్టింది. చెవిలో గుయ్యిమంది.

"కొట్టకండి కొమురమ్మా," అంది హరిత తలుపు దగ్గర నుంచి. తరువాత అత్తగారి వైపు తిరిగింది. "ఇప్పుడేం చెయ్యాలి అత్తమ్మా? రేపు అందరూ వస్తారు."

"గది కడగల్ల. పసుపునీళ్ళు సల్లల్ల." ఓబులమ్మ చూపు కొమురమ్మ మీద ఆగింది.

కొమురమ్మ తలుపు వెనకనుంచి పొడుగు కర్ర తీసుకుంది. శ్రీలత ఆమె పక్కనుంచి మెట్లు దిగింది. గుంజలవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. అది ఇంకా సిగ్గనిపించింది.

మెట్ల కింది గదిలో శ్రీలత కొత్త లంగా విప్పి మడిచి, పాతది కట్టుకుంది. పేలిక కోసం బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టింది. చేతికి మెత్తగా తగిలింది. ఎప్పుడూ అడ్డదిడ్డంగా పడి ఉండే పేలికలు కావు. కొలత పెట్టినట్టు ఒకేలా చింపి, ఉతికి, ఎండబెట్టి, మడతలు పెట్టిన గుడ్డలు. నీలం రంగువి. అమ్మ పోయిన బతుకమ్మకు కట్టుకున్న చీర. అది ఇంకా పాతబడలేదు.

వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొడుగు కర్ర గుర్తొచ్చింది; పైవాళ్ళ ఇల్లు తుడవడానికి పేలికలు అక్కర్లేదు. నేల మీద జరిపిన పళ్ళెం గుర్తొచ్చింది. ఒప్పుకోకుంటే ఎందుకని అడుగుతరు, అన్న అమ్మ మాట గుర్తొచ్చింది. పై గదిలో బకెట్టు ఈడ్చే చప్పుడు, నీళ్ళు పారబోసే చప్పుడు వినిపిస్తున్నాయి.

గోనెపట్టా తెర తొలగించి నర్సయ్య లోపలికి వచ్చాడు. శ్రీలత గుడ్డలు పాత లంగా కిందికి తోసింది. అతను కూర్చోలేదు. అరవలేదు కూడా.

"ఎన్నొద్దుల సంది?"

"వానాకాలం సంది."

"మీ అమ్మకు ఎర్కేనా?"

తెర దగ్గర అలికిడైంది. కొమురమ్మ వచ్చి నిలబడింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. చేతులకు పసుపు. ఆ చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పోయిన ఎండాకాలం మాయమైన సైకిల్ పంపు గురించి అబద్ధం చెప్పిందని నాయిన ఆ చేతుల్నే ఎలా విరిచాడో శ్రీలతకు తెలుసు.

"ఎర్కలేదు నాయినా," అంది శ్రీలత. "అమ్మకు నేను చెప్పలే. ఎర్రమన్ను అని చెప్పిన."

కొమురమ్మ కూతురి వైపు చూడలేదు. పొయ్యి దగ్గరికి పోయి కూర్చుని ఊదసాగింది. నిప్పు ఇంకా వెయ్యలేదు. ఊదుతూనే ఉంది.

"కన్నతల్లికి గూడ చెప్పకుంట దాస్తివి," అన్నాడు నర్సయ్య. "ఇసొంటిదాన్ని బడికి తోలితే ఇంకేం దాస్తవో. ఇగ బంద్. రేపు దావత్ అయినాంక మూసాపేట పోయి సక్కుబాయక్కకు లగ్గం మాట చెప్పొస్త. ఆమె పిలగాన్ని ఎప్పటిసందో అనుకుంటున్నం."

"పరీక్ష..." అంది శ్రీలత.

నర్సయ్య అప్పటికే బయటికి వెళ్ళాడు. ఇంకా పాతాల్సిన గుంజలున్నాయి.

ఆ పూట కొమురమ్మ కూతురి కంచంలోనే కూర అంతా వేసింది. తిన్నాక కొమురమ్మ మేకుకు తగిలించి ఉన్న బడి సంచీ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ అదే మేకుకు తగిలించింది.

మరునాడు పైన సన్నాయి మోగింది. వీడియో లైటు వెలుగు మెట్ల సందుల్లోంచి కింది గది గోడ మీద పడి కదులుతోంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పిల్లలు మెట్ల మీద ఎక్కి దిగుతున్నారు. ఓబులమ్మ అన్నకూతురి బిడ్డ ఎవరో తేజస్విని పక్కన, తోడుపిల్ల కుర్చీలో కూర్చుందట. కొమురమ్మ పొద్దున్నుంచి పైన గిన్నెలు తోముతోంది.

సంగతి నలుగురికీ తెలిసింది గనక శ్రీలత కూడా ఇప్పుడు మూల కూర్చోవాలి. కింద చాప లేదు. ఖాళీ సిమెంటు సంచులు రెండు పరిచి, వాటి మీద కూర్చోమంది అమ్మ. పక్కన ఎవరూ లేరు.

గోనెపట్టా కింద నుంచి మధు దూరి వచ్చాడు. చేతిలో లడ్డు, సగం తిన్నది.

"పోరా, నన్ను ముట్టొద్దు."

"నేను తోడు కూసుంట," అన్నాడు వాడు. సంచి మీద సర్దుకుని కూర్చుని, లడ్డు తుంచి పెట్టాడు. శ్రీలత తింది. వాడు లడ్డు అయిపోయాక చేతులు లాగుకు తుడుచుకుని, లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల మీదుగా చెయ్యి వేశాడు.

"చూడక్కా. తల వంచలే."

శ్రీలత వాడి గడ్డం పట్టుకుని నిటారుగా చేసి చూసింది. సారు చూసినట్టే చూసింది. వేలికీ చెవికీ మధ్య ఇంకా గోరంత సందు అలాగే ఉంది.

"అందింది," అంది.

"నిజంగ?"

"నిజంగనే."

మధు ఎగిరి గంతేశాడు. డబ్బా ఎక్కి మేకుకున్న సంచీ లాగి, మెడలో వేసుకున్నాడు. అది వాడి మోకాళ్ళ కింద దాకా వేలాడింది. లోపల లెక్కల పుస్తకం, కంపాసు డబ్బా కొట్టుకుంటూ చప్పుడు చేశాయి.

"నాయినకు చూపిస్త," అంటూ గోనెపట్టా కింద నుంచి బయటికి పరుగెత్తాడు.

శ్రీలత వాణ్ణి వెనక్కి పిలవలేదు. ఒళ్ళో నీలం గుడ్డ విప్పి, మళ్ళీ అమ్మ మడిచిన మడతల మీదే మడిచింది.